కమిషన్ కుర్చీలో ఎవరు కూర్చోవాలి? ఎవరు కూర్చోబెట్టాలి?

ఈసారి వచ్చిన ఉత్తరాలు, మెసేజ్‌లు చాలావరకు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. ఎన్నికల కమిషన్, సర్వీస్ కమిషన్, విజిలెన్స్ కమిషన్ లాంటి సంస్థలకు పెద్దగా ఎవరిని వేసినా ప్రతిసారీ ఇంత రచ్చ ఎందుకవుతుందని. ఒకే తరహా ప్రశ్నల్ని కలిపేశాను. నేను ఏ పార్టీ మనిషినీ కాదు గానీ ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది, దాచుకోను. మనం ప్రతిసారీ పైకి వచ్చిన పేరు మీద కొట్లాడుకుంటున్నాం, ఆ పేరు ఏ దారిన వచ్చిందో అడగడం మర్చిపోతున్నాం.

ప్రశ్న: 2020లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేశ్‌కుమార్‌ను తీసేసి మళ్లీ ఎందుకు పెట్టారు? మా ఇంట్లో నాన్న ఒక రకంగా చెప్తారు, బాబాయ్ ఇంకో రకంగా చెప్తాడు. అసలు తప్పెవరిదండీ?
— ఒక పాఠకుడు, తెనాలి

మీ ఇంట్లో ఇద్దరూ సగం సగం కథ చెప్తున్నట్టున్నారు, అందుకే మొదటి నుంచి చెప్పుకుందాం.

రమేశ్‌కుమార్ గారు రిటైరైన ఐఏఎస్ అధికారి. 2016లో, చంద్రబాబు ప్రభుత్వం ఉన్నప్పుడు, ఐదేళ్ల కాలానికి రాష్ట్ర ఎన్నికల కమిషనర్‌గా వచ్చారు, అంటే 2021 మార్చి 31 దాకా ఆయనే ఉండాలి. మధ్యలో ప్రభుత్వం మారింది. 2020 మార్చిలో ఎంపీటీసీ, జడ్పీటీసీ, మున్సిపల్, పంచాయతీ ఎన్నికలన్నీ వరుసగా జరిపేద్దామని షెడ్యూల్ ఇచ్చారు. నామినేషన్ల దగ్గరే చాలాచోట్ల గొడవలయ్యాయి, మాచర్లలో టీడీపీ నాయకుల కారు మీద దాడి అందరం టీవీలో చూశాం. మార్చి 15న కమిషనర్ కరోనా కారణం చెప్పి ఎన్నికలను ఆరు వారాలు వాయిదా వేశారు. మాతో ఒక్క మాటైనా అనకుండా ఎలా వాయిదా వేస్తారని జగన్ ప్రభుత్వానికి కోపం వచ్చింది. ఆ రోజే ముఖ్యమంత్రి గవర్నర్‌ను కలిశారు, తర్వాత ప్రెస్‌మీట్‌లో కమిషనర్ సామాజికవర్గం ప్రస్తావన కూడా తెచ్చారు. ఒక రాజ్యాంగ పదవిలో ఉన్న మనిషి నిర్ణయాన్ని కులంతో ముడిపెట్టడం నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. నిర్ణయం తప్పయితే తప్పని చెప్పడానికి కోర్టు ఉంది కదా.

ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది కూడా. మార్చి 18న కోర్టు వాయిదాలో జోక్యం చేసుకోనంది, కాకపోతే ఎన్నికలే లేనప్పుడు కోడ్ ఎందుకు, ఎత్తేయండి అని చెప్పింది. అంటే ఇద్దరికీ చెరో సగం దక్కింది. అక్కడితో అయిపోవాల్సిన గొడవ అది.

అయిపోలేదు. ఏప్రిల్ 10న, దేశమంతా లాక్‌డౌన్‌లో ఉన్నప్పుడు, ఒక ఆర్డినెన్స్ వచ్చింది. పంచాయతీరాజ్ చట్టంలో 200వ సెక్షన్ మార్చారు. కమిషనర్ పదవీకాలం ఐదేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గించారు, ఇకమీదట హైకోర్టు జడ్జిగా చేసినవారినే వేయాలన్నారు. ఈ రెండు మార్పుల్నీ సంస్కరణ అని ఎవరైనా వాదించవచ్చు, జడ్జి అయితే తటస్థంగా ఉంటారన్నది పూర్తిగా కొట్టేయాల్సిన వాదన కూడా కాదు. కానీ అదే ఆర్డినెన్స్‌లో ఇంకో క్లాజ్ ఉంది, ఇప్పటికే పదవిలో ఉన్నవాళ్ల పదవి దీంతో ముగిసిపోతుందని. ఆ రోజుకి రాష్ట్రం మొత్తంలో ఆ పదవిలో ఉన్నది ఒక్క మనిషే. చట్టాన్ని ఒకే ఒక్క మనిషి కొలతలకు కత్తిరించారన్నమాట. వెంట వెంటనే జీవోలు వచ్చాయి, మర్నాడే మద్రాస్ హైకోర్టులో జడ్జిగా చేసి రిటైరైన వి. కనగరాజ్ గారు చెన్నై నుంచి వచ్చి విజయవాడలో బాధ్యతలు తీసుకున్నారు.

రాజ్యాంగంలో 243కె అని ఒక అధికరణం ఉంది. రాష్ట్ర ఎన్నికల కమిషనర్‌ను తీసేయాలంటే హైకోర్టు జడ్జిని తీసేసే పద్ధతిలోనే తీసేయాలి, వేశాక ఆయనకు నష్టం కలిగేలా సర్వీసు షరతులు మార్చకూడదు అని అందులో ఉంది. మేం తీసేయలేదు, పదవీకాలం తగ్గించాం, అది అయిపోయింది కాబట్టి ఆయన దిగిపోయారు అని ప్రభుత్వం వాదించింది. మే 29న హైకోర్టు ఒప్పుకోలేదు, ఆర్డినెన్స్‌నూ జీవోలనూ కొట్టేసింది. తీర్పులో ఇంకో మాట కూడా ఉంది, కమిషనర్ నియామకం గవర్నర్ తన విచక్షణతో చేయాల్సింది, మంత్రివర్గం సలహాతో చేసేది కాదు అని. దాన్ని పట్టుకుని అడ్వొకేట్ జనరల్ మర్నాడే ప్రెస్ ముందుకు వచ్చారు, అలాగైతే 2016లో ప్రభుత్వ సిఫార్సుతో జరిగిన రమేశ్‌కుమార్ నియామకం కూడా చెల్లదు కదా అన్నారు. లాజిక్ ప్రకారం ఆ ప్రశ్నలో బలం లేకపోలేదు. కానీ సుప్రీంకోర్టు జూన్ 10న ఆ తీర్పు మీద స్టే ఇవ్వలేదు. అయినా ప్రభుత్వం రమేశ్‌కుమార్‌కు పదవి ఇవ్వలేదు. కోర్టు ధిక్కరణ కేసు పడింది, హైకోర్టు ఆయన్ని గవర్నర్ దగ్గరికి వెళ్లమంది, గవర్నర్ బిశ్వభూషణ్ హరిచందన్ ప్రభుత్వానికి లేఖ రాశారు, చివరికి జులై నెలాఖరులో ఆయన్ని మళ్లీ పదవిలో పెడుతూ జీవో ఇచ్చారు.

ఇక తప్పెవరిదంటారా. ఆరు వారాల వాయిదా సబబా కాదా అన్న దాని మీద మీ నాన్నగారూ బాబాయ్‌గారూ జీవితాంతం వాదించుకోవచ్చు, దానికి రెండు వైపులా మాటలున్నాయి. ప్రభుత్వంతో ముందుగా మాట్లాడి ఉంటే బాగుండేది అని నేనూ అంటాను, సుప్రీంకోర్టు కూడా మళ్లీ తేదీలు పెట్టేముందు ప్రభుత్వాన్ని సంప్రదించమంది. నచ్చని నిర్ణయం తీసుకున్న మనిషిని దించడానికి చట్టాన్నే మార్చడం మాత్రం తప్పు, అందులో నాకు రెండో మాట లేదు. రేపు ఇంకో పార్టీ ఇంకో కమిషనర్‌కు ఇదే చేసినా ఇదే రాస్తాను.

ప్రశ్న: మీరంతా ఆయన్ని హీరోని చేస్తారు. 2018లో పంచాయతీల గడువు అయిపోయింది, అప్పుడు ఉన్నదీ ఆయనే కదా, ఎన్నికలు ఎందుకు పెట్టలేదు? అప్పుడు లేని పట్టుదల ప్రభుత్వం మారగానే ఎక్కడి నుంచి వచ్చింది?
— ఒక పాఠకుడు, నెల్లూరు

అడగాల్సిన ప్రశ్నే అడిగారు. 2013లో ఎన్నికైన సర్పంచుల గడువు 2018 ఆగస్టుకల్లా అయిపోయింది. గడువు తీరేలోపే ఎన్నికలు జరగాలని రాజ్యాంగం చెప్తోంది. అప్పటి టీడీపీ ప్రభుత్వం పెట్టలేదు, ఊళ్లన్నీ స్పెషల్ ఆఫీసర్ల చేతిలోకి వెళ్లిపోయాయి. ఆ ఏడాది అక్టోబర్‌లో హైకోర్టు మూడు నెలల్లో పెట్టమని చెప్పింది, అయినా జరగలేదు. అంటే మన ఊళ్లలో సర్పంచ్ లేకుండా రెండున్నరేళ్లు గడిచాయి, అందులో మొదటి వాటా టీడీపీదే. స్పెషల్ ఆఫీసర్ అంటే ఎవరో మీకు తెలియనిది కాదు, ఒక్కో అధికారికి రెండు మూడు ఊళ్లు, ఆయన ఎప్పుడు వస్తాడో తెలియదు, వీధి దీపం కాలిపోతే ఎవర్ని అడగాలో తెలియదు. పాలకవర్గం లేకపోతే ఆర్థిక సంఘం నిధులూ ఆగిపోతాయి.

కమిషనర్ ఒక్కడే కూర్చుని ఎన్నిక జరిపేయలేడన్నదీ నిజమే. రిజర్వేషన్లు ఖరారు చేయాల్సింది ప్రభుత్వం, సిబ్బందినీ డబ్బునీ ఇవ్వాల్సింది ప్రభుత్వం. ప్రభుత్వం చేతులెత్తేస్తే కమిషనర్ చేతిలో మిగిలేది కోర్టుకు వెళ్లడమే. 2021 జనవరిలో ఆయన చేసింది అదే. వ్యాక్సినేషన్ ఉంది ఎన్నికలు కుదరవని ప్రభుత్వం, ఉద్యోగ సంఘాలు పట్టుపట్టాయి, హైకోర్టులో సింగిల్ జడ్జి ఆపేశారు, ఇద్దరు జడ్జిల డివిజన్ బెంచ్ ఒప్పుకుంది, జనవరి 25న సుప్రీంకోర్టు ప్రభుత్వ పిటిషన్ కొట్టేసింది, ఫిబ్రవరి 9, 13, 17, 21 తేదీల్లో నాలుగు విడతలుగా పంచాయతీ ఎన్నికలు జరిగాయి. అదే గట్టితనం 2018లో చూపించి ఉండాల్సింది అంటే నేను కాదనను. కానీ ఒకటి గమనించండి, ఆయన అప్పుడు మెతకగా ఉన్నారన్న మీ అనుమానమూ, తర్వాత మొండిగా ఉన్నారన్న ఎదుటివాళ్ల ఆరోపణా ఒకే చోటు నుంచి పుట్టాయి. ఆయన్ని వేసింది ఒక పార్టీ ప్రభుత్వం కాబట్టి ఆయన ఏం చేసినా జనం దాన్ని ఆ పార్టీ ఖాతాలోనే రాస్తారు. ఎంత నిజాయితీపరుడైనా ఆ మరక నుంచి తప్పించుకోలేడు.

ప్రశ్న: రిటైరైన ఐఏఎస్‌లను వేయడం ఆపేసి అన్ని కమిషన్లకూ రిటైర్డ్ జడ్జిలనే పెడితే ఈ తలనొప్పి ఉండదు కదా?
— విశ్రాంత ఉద్యోగి, విశాఖపట్నం

జడ్జిని అయినా ఎంచుకునేది ప్రభుత్వమే అయినప్పుడు తలనొప్పి ఎక్కడికి పోతుందండి? కనగరాజ్ గారి విషయంలో అనుమానం వచ్చింది ఆయన జడ్జి కాబట్టో కాకపోబట్టో కాదు, ఆయన్ని తెచ్చిన తీరు వల్ల.

అయితే ఐఏఎస్‌ల విషయంలో మీ బాధ నాకు అర్థమైంది. రమేశ్‌కుమార్ గారి తర్వాత 2021 ఏప్రిల్ 1న నీలం సాహ్ని గారు కమిషనర్ అయ్యారు. ఆవిడ 2020 డిసెంబర్ దాకా అదే ప్రభుత్వంలో చీఫ్ సెక్రటరీ, ఆ తర్వాత ముఖ్యమంత్రికి సలహాదారు. ప్రభుత్వం గవర్నర్‌కు పంపిన పేర్లలోంచి ఆవిడను తీసుకున్నారు. రాగానే పరిషత్ ఎన్నికలు ఏప్రిల్ 8న అన్నారు, ప్రక్రియ సరిగా లేదని టీడీపీ బహిష్కరించింది. పోలింగ్‌కు నాలుగు వారాల ముందు కోడ్ ఉండాలన్న నిబంధన పాటించలేదని మే నెలలో సింగిల్ జడ్జి ఆ ఎన్నికలు రద్దు చేశారు, సెప్టెంబర్‌లో డివిజన్ బెంచ్ ఆ తీర్పును పక్కనపెట్టి లెక్కింపుకు ఒప్పుకుంది. ఓట్లు ఐదు నెలలకు పైగా బాక్సుల్లోనే ఉండిపోయాయి.

ఆవిడ సమర్థత మీద నేను ఒక్క మాట కూడా అనడం లేదు, ఆంధ్రప్రదేశ్‌లో చీఫ్ సెక్రటరీ దాకా వెళ్లిన అధికారి. కానీ నిన్నటిదాకా ముఖ్యమంత్రికి సలహాలిచ్చిన మనిషి ఈరోజు అదే ముఖ్యమంత్రి పార్టీ పోటీ చేసే ఎన్నికలు నడిపిస్తే ఎదుటి పార్టీవాళ్లకు నమ్మకం ఎలా కలుగుతుంది? ఆవిడ నియామకానికి కొద్దిరోజుల ముందే, 2021 మార్చి 12న, గోవా కేసులో సుప్రీంకోర్టు ఇదే తరహా విషయం తేల్చింది. గోవా ప్రభుత్వం తన న్యాయశాఖ కార్యదర్శికే రాష్ట్ర ఎన్నికల కమిషనర్‌గా అదనపు బాధ్యత ఇచ్చేసింది. జస్టిస్ నారీమన్ ధర్మాసనం దీన్ని రాజ్యాంగాన్ని వెక్కిరించడంగా చూసింది, ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నవాళ్లు ఎవరూ ఈ పదవిలో ఉండకూడదని అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. ప్రభుత్వ సేవ వదిలాక ఇన్నేళ్లు ఆగితేనే ఇలాంటి పదవికి అర్హత అని ఒక గడువు పెట్టాలని నా అభిప్రాయం, రెండేళ్లైనా ఉండాలి. జడ్జిలకైనా, ఐఏఎస్‌లకైనా, ఐపీఎస్‌లకైనా.

ప్రశ్న: నేను గ్రూప్-1కు ప్రిపేర్ అవుతున్నాను. పరీక్ష రద్దయిన ప్రతిసారీ చైర్మన్‌ను మారుస్తున్నారు. చైర్మన్ ఎవరైతే మాకెందుకు అనిపిస్తుంది, మా బతుకు మారదు కదా. మీరేమంటారు?
— ఒక అభ్యర్థి, అశోక్‌నగర్, హైదరాబాద్

అమ్మా, మీరు ఎంత విసిగిపోయి ఈ ఉత్తరం రాశారో తెలుస్తూనే ఉంది. చిక్కడపల్లి లైబ్రరీలో పొద్దున్నే సీటు కోసం బ్యాగ్ పెట్టి నిలబడే పిల్లల్ని చూసినవాళ్లెవరికైనా తెలుస్తుంది. 2022 అక్టోబర్ 16న ప్రిలిమ్స్ రాశారు, పేపర్ లీకైందని 2023 మార్చిలో రద్దు. జూన్ 11న మళ్లీ రాశారు, బయోమెట్రిక్ తీసుకోలేదని సెప్టెంబర్‌లో హైకోర్టు రద్దు చేసింది. 2024 జూన్ 9న మూడోసారి రాశారు. ఈ మధ్యలో ఎంతమందికి వయసు దాటిపోయిందో, ఎంతమంది రూమ్ అద్దె కట్టలేక ఊరికి వెళ్లిపోయారో ఆ లెక్క ఎవరూ తీయలేదు.

అయినా చైర్మన్ ఎవరైతే మాకెందుకు అనకండి. ఎందుకో చెప్తాను. పంజాబ్ సర్వీస్ కమిషన్‌కు రవీందర్‌పాల్ సింగ్ సిద్ధూ అనే ఆయన చైర్మన్‌గా ఉండేవాడు. డబ్బు తీసుకుని ఉద్యోగాలు ఇప్పించారన్న ఆరోపణ మీద 2002లో పట్టుకున్నారు, బ్యాంక్ లాకర్లలోంచి కోట్ల రూపాయలు బయటపడ్డాయి. పై కుర్చీలోనే బేరం మొదలైతే కింద ఎన్ని సీసీ కెమెరాలు పెట్టి ఏం లాభం. ఇంత జరిగాక కూడా అదే రాష్ట్రం 2011లో హరీశ్ ధండా అనే లాయర్‌ను చైర్మన్‌గా వేసింది, ఏ అనుభవం, ఏ యోగ్యత చూసి వేశారో ఫైల్‌లో సరిగ్గా కనిపించలేదు, హైకోర్టు కొట్టేసింది, 2013లో సుప్రీంకోర్టు కూడా ఆ రద్దును సమర్థించింది. చైర్మన్‌కు ఇంత చదువు, ఇంత అనుభవం ఉండాలని రాజ్యాంగంలో లేదు, సభ్యుల్లో సగం మంది దాకా పదేళ్ల ప్రభుత్వ సర్వీసు ఉన్నవాళ్లు ఉండాలని మాత్రమే 316వ అధికరణంలో ఉంది. అంతమాత్రాన ఎవరినైనా వేసుకోవచ్చని కాదు, నిజాయితీ, సామర్థ్యం ఉన్నాయా అని చూసి తీరాల్సిందే అని ఆ తీర్పు సారాంశం.

మన రెండు రాష్ట్రాల సంగతి చూడండి. ఆంధ్రాలో డీజీపీగా ఉన్న గౌతమ్ సవాంగ్‌ను 2022లో ఏపీపీఎస్సీకి పంపారు, 2024లో ప్రభుత్వం మారగానే ఆయన రాజీనామా చేశారు, తర్వాత రిటైర్డ్ ఐపీఎస్ ఏఆర్ అనురాధ వచ్చారు. తెలంగాణలో 2023 డిసెంబర్‌లో ప్రభుత్వం మారగానే జనార్దన్‌రెడ్డి రాజీనామా, 2024 జనవరిలో మాజీ డీజీపీ మహేందర్‌రెడ్డి, ఆ ఏడాది చివర్లో ఐఏఎస్ వదిలి బుర్రా వెంకటేశం. వీళ్లలో ఎవరి మీదా నాకు ఆరోపణ లేదు. కానీ ఆరేళ్లు లేదా 62 ఏళ్ల వయసు దాకా కదిలించడానికి వీల్లేకుండా రాజ్యాంగం కట్టుదిట్టంగా ఇచ్చిన పదవి, ప్రభుత్వం మారితే దానంతటదే ఖాళీ అయ్యే పదవిగా మారిపోయింది, దీన్ని ఎవరూ వింతగా కూడా చూడటం లేదు, నన్ను బాధపెట్టేది అదీ. 62కి దగ్గర్లో ఉన్నవాళ్లను వేస్తే పదినెలలకో ఏడాదికో వాళ్ల టైమ్ అయిపోతుంది. పేపర్ ఎవరు సెట్ చేయాలి, ఎక్కడ ప్రింట్ అవ్వాలి, స్ట్రాంగ్‌రూమ్ తాళాలు ఎవరి దగ్గర ఉండాలి అన్నది ఒకసారి పద్ధతిగా పెట్టి రెండు మూడు నోటిఫికేషన్లు దగ్గరుండి నడిపించేంత కాలం ఒక మనిషి అక్కడ ఉండాలా వద్దా? అందుకే మీ బతుక్కీ ఆ కుర్చీకీ సంబంధం ఉంది.

ప్రశ్న: కేంద్ర ఎన్నికల కమిషనర్ల ఎంపికలో చీఫ్ జస్టిస్‌ను ఎందుకు తీసేశారు? మా క్లాసులో పిల్లలు అడిగితే సరిగ్గా చెప్పలేకపోయాను.
— అధ్యాపకురాలు, వరంగల్

పిల్లలకు ఒక ఫైల్ కథ చెప్పండి టీచర్ గారూ, వాళ్లకు బాగా గుర్తుంటుంది.

2022 మే నుంచి ఒక ఎన్నికల కమిషనర్ పోస్టు ఖాళీగా ఉంది. నెలల తరబడి ఎవరూ పట్టించుకోలేదు. ఎన్నికల కమిషనర్లను ప్రభుత్వం ఒక్కటే ఎంచుకోవచ్చా అనే కేసు సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ముందు నవంబర్ 17న విచారణకు వచ్చింది. 18న అరుణ్ గోయల్ అనే సీనియర్ ఐఏఎస్ స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నారు, మామూలుగా అయితే డిసెంబర్ 31కి రిటైరయ్యేవారు. 19న ఆయన ఎన్నికల కమిషనర్ అయిపోయారు. నాలుగు పేర్లతో ఫైల్ తయారవడం, న్యాయమంత్రి చూడడం, ప్రధాని చూడడం, రాష్ట్రపతి సంతకం, అన్నీ ఒక్క రోజు వ్యవధిలో. ఇంత తొందరేమిటని కోర్టు ఆ ఫైల్ తెప్పించుకుని అడిగింది.

2023 మార్చి 2న ఐదుగురు జడ్జిల ధర్మాసనం తీర్పిచ్చింది. పార్లమెంట్ చట్టం చేసే దాకా ప్రధాని, ప్రతిపక్ష నేత, సుప్రీంకోర్టు చీఫ్ జస్టిస్ ముగ్గురూ కలిసి ఎంపిక చేయాలని. ఈ నియామకాలకు చట్టం చేయాలని రాజ్యాంగం మొదటి నుంచీ చెప్తూనే ఉంది, ఏ ప్రభుత్వమూ చేయలేదు, కాంగ్రెస్ అన్నేళ్లు ఉండి చేయలేదు. 2023 డిసెంబర్‌లో బీజేపీ ప్రభుత్వం చట్టం తెచ్చింది, చీఫ్ జస్టిస్ స్థానంలో ప్రధాని ఎంచుకునే కేంద్రమంత్రిని పెట్టింది. ముగ్గురిలో ఇద్దరు ప్రభుత్వం వాళ్లే. మా ఊళ్లో పొలం గట్టు తగాదా వస్తే పెద్దమనుషుల్ని ఇద్దరు కలిసి ఒప్పుకుని కూర్చోబెడతారు, ఒక పక్షమే ఇద్దర్ని తెచ్చి రెండో పక్షానికి ఒక్కరినే ఇస్తే ఆ పంచాయితీకి ఎవరూ రారు. ఈ చట్టమూ అంతే.

కోర్టు చెప్పింది పార్లమెంట్ చట్టం చేసే దాకానే కదా, పార్లమెంట్ చేసింది, ఇంకేమిటి అని ప్రభుత్వం అంటుంది. చట్టం చేసే అధికారం పార్లమెంట్‌దే, ఆ మాట నిజం. కానీ అధికారం ఉండటం వేరు, దాన్ని ఇలా వాడటం వేరు. 2024 మార్చి 14న ఇద్దరు కమిషనర్లను ఎంచుకున్న మీటింగ్ గురించి ప్రతిపక్షం తరఫున కమిటీలో ఉన్న కాంగ్రెస్ నేత అధీర్ రంజన్ చౌదరి బయటికొచ్చి చెప్పింది వినే ఉంటారు. ముందురోజు 212 పేర్ల జాబితా ఇచ్చారట, మీటింగ్‌కు కాసేపటి ముందు ఆరు పేర్లు చేతిలో పెట్టారట. ఒక్క రాత్రిలో 212 మంది జీవితాల్ని ఎవరు చదవగలరు? 2025 ఫిబ్రవరిలో జ్ఞానేశ్ కుమార్‌ను ప్రధాన కమిషనర్‌గా ఎంచుకున్నప్పుడు రాహుల్ గాంధీ అసమ్మతి నోట్ ఇచ్చారు, ఈ చట్టం మీద కేసు రెండు రోజుల్లో విచారణకు రాబోతోంది, అప్పటిదాకా ఆగమని. ఆగలేదు.

ప్రశ్న: ప్రతిపక్ష నేత ఒప్పుకోకపోతే నియామకం చెల్లదా?
— ఒక పాఠకుడు, అనంతపురం

చెల్లుతుంది. ఒక్కరు కాదంటే ఆగిపోవాలి అనే వీటో లేదు. 2010లో కేంద్ర విజిలెన్స్ కమిషనర్‌గా పీజే థామస్‌ను ఎంచుకున్నప్పుడు లోక్‌సభ ప్రతిపక్ష నేతగా కమిటీలో ఉన్న సుష్మా స్వరాజ్ గారు మీటింగ్‌లోనే అభ్యంతరం చెప్పారు, కేరళ పామాయిల్ దిగుమతి కేసులో ఆయన పేరు ఉందని. ప్రధాని మన్మోహన్‌సింగ్, హోంమంత్రి చిదంబరం ఇద్దరూ ముందుకెళ్లిపోయారు. 2011 మార్చి 3న సుప్రీంకోర్టు నియామకం కొట్టేసింది. ఏకాభిప్రాయం లేదని కొట్టేయలేదు. ఆయన మీద శాఖాపరమైన చర్య తీసుకోవాలని గతంలో రాసిన నోట్లు కమిటీ ముందుకు రాలేదు, ఆ సంస్థ మీద జనం నమ్మకం ఏమవుతుందో ఆలోచించలేదు అని కొట్టేసింది. కాదన్నవారు కారణం రాయాలి, కాదన్నా వేసేవాళ్లూ ఎందుకు వేస్తున్నారో కారణం రాయాలి అని కూడా చెప్పింది. నా దృష్టిలో ఈ కారణాలు రాయడమే అన్నిటికంటే ముఖ్యం. తర్వాత మన్మోహన్‌సింగ్ బాధ్యత తనదేనని ఒప్పుకున్నారు.

ప్రశ్న: కేంద్ర ఎన్నికల కమిషన్‌లో మన తెలుగువాళ్లు ఎవరైనా పనిచేశారా?
— ఒక పాఠకురాలు, డాలస్

చేశారమ్మా, అదీ గొడవల కాలంలోనే. పేరిశాస్త్రి గారు ప్రధాన కమిషనర్‌గా ఉండగా 1989 అక్టోబర్‌లో, సరిగ్గా లోక్‌సభ ఎన్నికల ముందు, రాజీవ్ గాంధీ ప్రభుత్వం ఆయన పక్కన ఇద్దరు కమిషనర్లను వేసింది, ప్రభుత్వం మారి నేషనల్ ఫ్రంట్ వచ్చాక 1990 జనవరి 1న ఆ ఇద్దర్నీ ఇంటికి పంపారు. ఆయన తర్వాత పశ్చిమ గోదావరి ఆడపడుచు వీఎస్ రమాదేవి గారు 1990 చివర్లో కొద్దిరోజులు ప్రధాన కమిషనర్‌గా ఉన్నారు, ఆ కుర్చీలో కూర్చున్న తొలి మహిళ ఆవిడే. 1993లో అప్పటి ప్రధాన కమిషనర్ శేషన్ దూకుడును తట్టుకోలేక పీవీ ప్రభుత్వం ఇంకో ఇద్దర్ని వేసింది, అందులో ఒకరు జీవీజీ కృష్ణమూర్తి గారు. శేషన్ కోర్టుకెళ్లారు, 1995లో ముగ్గురూ ఉండొచ్చని తీర్పొచ్చింది. అంటే ఈ జబ్బు ఏ ఒక్క పార్టీదో కాదు, కాంగ్రెస్, నేషనల్ ఫ్రంట్, బీజేపీ, మన ప్రాంతీయ పార్టీలు, అందరి చేతులూ ఇందులో ఉన్నాయి.

ప్రశ్న: ఇదంతా చదివి మాలాంటి మామూలు వాళ్లం ఏం చేయగలం?
— ఒక పాఠకుడు, ఖమ్మం

రెండు పనులు చేయొచ్చు. ఒకటి, సమాచార హక్కు కింద నియామకం ఫైల్ అడగండి. నియామకం జరిగిపోయాక, నిర్ణయం అయిపోయింది కాబట్టి, మంత్రివర్గ పత్రాలన్న సాకు అంత తేలిగ్గా చెల్లదు. ఉత్తుత్తిగా వివరాలు ఇవ్వండి అని రాయకండి. ఎన్ని పేర్లు పరిశీలించారు, ఆ పేర్లు ఎవరు సూచించారు, ఈ పేరునే ఎందుకు ఎంచుకున్నారో రాసిన నోట్‌ఫైల్ నకలు, అసమ్మతి ఉంటే దాని నకలు, ఇలా విడివిడిగా అడగండి. 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే అప్పీల్. అభ్యర్థి ఇంటి చిరునామా, ఆస్తుల్లాంటి సొంత వివరాలు ఇవ్వకపోవచ్చు, వాటి కోసం పట్టుబట్టి అసలుది పోగొట్టుకోకండి.

రెండోది, అర్హత లేని మనిషిని వేశారని మీ దగ్గర ఆధారం ఉంటే హైకోర్టులో కో వారంటో పిటిషన్ వేయొచ్చు. ఏ అధికారంతో ఈ పదవిలో ఉన్నారో చెప్పండి అని ఆ మనిషిని కోర్టు నిలదీసే పిటిషన్ అది. మీకు సొంతంగా నష్టం జరిగి ఉండక్కర్లేదు, పౌరుడు ఎవరైనా వేయొచ్చు. కానీ ఆయన మాకు నచ్చలేదు, ఫలానా పార్టీ మనిషి అంటే కోర్టు వినదు. అర్హతలో లోపమో, నియామక పద్ధతిలో లోపమో చూపించాలి. అందుకే ముందు ఆ ఫైల్ చేతికి తెచ్చుకుని, తర్వాతే లాయర్ దగ్గరికి వెళ్లండి.